ముప్పై ఒకటో నంబరు గూడు

జనవరి 8, సోమవారం

పదింటికల్లా మాసిన బట్టల సంచులన్నీ మఠం లాండ్రీకి దిగాయి. ముగ్గురు జ్ఞానుల పండగ భోజనం తాలూకు బల్లగుడ్డలు కూడా వచ్చాయి. దుంపకూర మరకలు, కాఫీ మరకలు. ఒకదాని మీద ఎవరో కొవ్వొత్తి ఒలకబోసి, కనపడకుండా మడతలోపల పెట్టి పంపారు. నాకు కనపడదనుకున్నారు కాబోలు. పెద్ద మిషన్ మళ్ళీ మూలుగుతోంది. బయట మైనస్ ఇరవై ఆరు, గాలి సంగతి చెప్పక్కర్లేదు.

మూడేళ్ళ కిందట వెళ్ళిపోయిన ఓడిలో బ్రదర్ తిరిగొచ్చాడట. అతిథి గృహంలో దిగాడట. వంటింట్లో అనుకుంటుంటే విన్నాను.

నాకేం సంబంధం.

జనవరి 9, మంగళవారం

ఉతికాను. ఆరబెట్టాను. రాయడానికేం లేదు.

జనవరి 10, బుధవారం

ఉదయ ప్రార్థనలో చూశాను. గుడిలో వెనక అతిథుల బెంచీ మీద కూర్చున్నాడు. జుట్టు పల్చబడింది. నీలం స్వెటర్ వేసుకున్నాడు. దాన్ని ఎవరో వేడినీళ్ళలో ఉతికారు, చేతులు మణికట్టు పైకి పోయాయి. ఫార్గో పట్నంలో మూడేళ్ళు బతికి నేర్చుకున్నది ఇదన్నమాట.

కీర్తనలో రెండుసార్లు తప్పు లైను చదివాను. కుడికన్నులో పొర పెరుగుతోంది.

జనవరి 11, గురువారం

బట్టలు గూళ్ళలో సర్దే రోజు. సోమవారం దిగినవి గురువారం మధ్యాహ్నానికి ఎవరి గూట్లో వాళ్ళవి చేరాలి. ఇన్నేళ్ళలో ఒక్క గురువారం తప్పలేదు, మంచు తుఫానుకి కరెంటు పోయినప్పుడు కూడా.

ఒక్క సంగతి రాసి పెట్టుకుంటే మనసులో తిరగడం మానుతుందేమో. ఓడిలో, నేను ఒకేరోజు ఈ మఠంలో చేరాం. ఆయన పొద్దుటి బస్సులో వచ్చాడు, నేను మధ్యాహ్నం బస్సులో. మాలో ఎవరు ముందు గుమ్మం తొక్కితే వాళ్ళే పెద్ద, వయసుతో గానీ చదువుతో గానీ పనిలేదు. అందుకని ముప్పై నాలుగేళ్ళు గుడిలోకి ఆయన వెనకే నడిచాను, భోజనశాలలో ఆయన పక్కనే తిన్నాను, సాయంత్రం విరామంలో ఆయనతోనే పేకాడాను. ఆయన వెళ్ళిపోయాక ఒక మెట్టు ముందుకి జరిగాను. జరిగింది అంతే.

జనవరి 14, ఆదివారం

మధ్యాహ్నం అందర్నీ సభాగదికి పిలిచారు. మఠాధిపతి ఫాదర్ బెర్ట్రాండ్ లేచి సంగతి చెప్పారు. ఆయనకి ఏభై దాటలేదు, నా చేతికింద తడి బట్టలు పిండడం నేర్చుకున్నవాడే. పునీత బెనెడిక్ట్ రాసిన నియమం ప్రకారం వెళ్ళిపోయినవాడు తిరిగొస్తే చేర్చుకోవచ్చు. కాకపోతే అందరికంటే చివర నిలబడాలి, నిన్న చేరినవాడి కంటే కూడా వెనక. దానికి మా ఇంట్లో, అంటే ఈ మఠంలో, రెండు ఓట్లు. మొదటి ఓటుకి సగంమంది ఒప్పుకుంటే చాలు, మార్చి ఇరవై ఒకటిన వచ్చే బెనెడిక్ట్ పండగదాకా ఇక్కడే ఉండి పనిచేసుకోవచ్చు. పండగ ముందురోజు రెండో ఓటు. అందులో ఒక్కరు కాదన్నా ఇక బయటికే, మళ్ళీ అడగడానికి లేదు.

ఫాదర్ సిరిల్ చేతికర్ర నేలకేసి కొట్టారు. ఎనభై మూడేళ్ళాయన, చర్చి చట్టం పాఠాలు చెప్పి రిటైరయ్యారు, ఇప్పుడు చెప్పించుకునేవాళ్ళు లేక మాకు చెబుతుంటారు.

"ఇది మఠమా, బస్టాండా? ఎప్పుడు బడితే అప్పుడు దిగడానికి, ఎప్పుడు బడితే అప్పుడు ఎక్కడానికి? చచ్చేదాకా ఉంటానని బలిపీఠం ముందు సంతకం పెట్టిన మనిషి!"

ఇంకొందరు మాట్లాడారు. మంచివాడన్నారు, పని తెలిసినవాడన్నారు, ఇప్పటికే మనుషులు తగ్గిపోతున్నామన్నారు. ఆఖర్న ఫాదర్ బెర్ట్రాండ్ నావైపు తిరిగారు.

"వెండెలిన్ బ్రదర్, మీరేమంటారు?"

"నాకేం అభ్యంతరం లేదు ఫాదర్."

గొంతు బాగానే వచ్చింది. నాకు కోపమేమీ లేదు. వెళ్ళాలనిపించింది, వెళ్ళాడు. రావాలనిపించింది, వచ్చాడు. మధ్యలో నాతో ఒక్కమాట చెప్పి వెళ్ళుంటే బాగుండేది, అంతే. అది కూడా పెద్ద విషయమేమీ కాదు.

జనవరి 17, బుధవారం

మొదటి ఓటు అయింది. నెగ్గాడు. ఒక్క నల్లగింజ తప్ప మిగతావన్నీ తెల్లవే.

మా ఓటు ఎలా ఉంటుందంటే, ఒక్కొక్కరికీ వంటింట్లోంచి తెచ్చిన రెండు చిక్కుడు గింజలు ఇస్తారు. తెల్లది ఒప్పుకోవడం, నల్లది కాదనడం. సభాగది చివర రెండు పెట్టెలు. ఎడమవైపు దాంట్లో ఓటు వేయాలి, కుడివైపు దాంట్లో మిగిలిన గింజ పారేయాలి. పిడికిలి మూసుకుని వెళ్ళి, చెయ్యి పెట్టెలో పెట్టి తియ్యడమే, ఎవరు ఏది వేశారో ఎవరికీ తెలియదు.

అక్కడ దీపం ఒక్కటే. నాకు కుడికన్ను సరిగ్గా ఆనదు. తెల్లది ఎడమ పెట్టెలోనే వేశాననుకుంటాను.

లెక్క చెప్పగానే అందరూ ఫాదర్ సిరిల్ వైపు చూశారు. నేను నా చేతులు చూసుకున్నాను. గోళ్ళు తీసుకోవాలి.

జనవరి 19, శుక్రవారం

నాకు కోపం లేదు.

జనవరి 22, సోమవారం

ఫాదర్ బెర్ట్రాండ్ పొద్దున్నే లాండ్రీకి దిగివచ్చారు. మఠాధిపతి మెట్లు దిగి ఇక్కడికి వచ్చారంటే పని మామూలుది కాదు.

"బ్రదర్, మీకు చెయ్యిసాయంగా ఓడిలో బ్రదర్ని పంపిస్తున్నాను. మీ కన్ను కూడా బాగాలేదు కదా."

"తోటపనికి పంపకపోయారా ఫాదర్?"

"తోటా? నడుంలోతు మంచుంది బ్రదర్."

"పశువుల కొట్టం?"

"ఆవుల్ని అమ్మేసి ఆరేళ్ళయింది."

సరేనన్నాను. మాట వినడం మొదటి మెట్టు అని నియమంలో ఉంది. ఆ పుస్తకం రాసినాయనకి లాండ్రీ లేదు.

ఓడిలో తొమ్మిదింటికి వచ్చాడు. అదే నీలం స్వెటర్. తలుపు దగ్గర నిలబడ్డాడు.

"ఏమోయ్ వెండెలిన్, బాగున్నావా?"

"తెల్లవి ఇటు, నల్లవి అటు."

"అది నాకు తెలుసులేవోయ్."

"తెలిసినవాళ్ళు స్వెటర్ని అలా చెయ్యరు."

నవ్వాడు. నేను నవ్వలేదు. బట్టలు విడదీశాం. సంచి మీద ఉన్న నంబరే లోపలి బట్టల మీదా ఉండాలి, లేకపోతే ఒకరి బనియన్లు ఒకరికి పోతాయి. ఆయనకి మఠం చొక్కాలు, ప్యాంట్లు తీసి ఇచ్చాను, నంబరు పట్టీలు ముందురాత్రే కుట్టి ఉంచాను.

"నాది నలభై ఎనిమిదా?" అన్నాడు పట్టీ చూసి.

"చివరి నంబరు."

"న్యాయమే. మరి ముప్పై ఒకటి ఎవరికిచ్చావు?"

"ఎవరికో ఇచ్చాం."

ఎవరికీ ఇవ్వలేదు. మధ్యలో నలుగురు కొత్తవాళ్ళు చేరారు, కానీ ఆ గూడు తలుపు పక్కన ఉంటుంది, తలుపు తీసినప్పుడల్లా చలిగాలి కొడుతుంది. కొత్తగా వచ్చినవాళ్ళకి అలాంటిది ఇవ్వడం బాగుండదు. అందుకని పక్కన పెట్టాను.

జనవరి 25, గురువారం

సర్దుడు అయింది. ఓడిలో చేతివేగం తగ్గలేదు. దుప్పటి మూలలు పట్టుకుని ఇద్దరం మడతపెట్టేటప్పుడు ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేదు. అది పాత అలవాటు, దానికి వేరే అర్థం లేదు.

నలభై ఎనిమిదో నంబరు చొక్కాల మెడపట్టీలకి గంజి కాస్త ఎక్కువైంది. బలిపీఠం గుడ్డలకి కలిపిన గంజి పక్కనే ఉంది, పొరపాటున అందులో పడ్డాయి.

ఫిబ్రవరి 1, గురువారం

మళ్ళీ అదే పొరపాటు. గంజి బాల్చీ చోటు మార్చాలి.

ఫిబ్రవరి 5, సోమవారం

ఓడిలో మెడ చుట్టూ ఎర్రగా కమిలింది. చేతిరుమాలు మడిచి పట్టీ లోపల దోపుకున్నాడు. గంజి పడని ఒళ్ళు. మొదటి ఏడాది చొక్కా వేసుకున్న రోజునే దద్దుర్లు వచ్చి జ్వరం తగిలింది. అప్పట్లో లాండ్రీ చూసే ముసలి బ్రదర్ నమ్మకపోతే, దొంగతనంగా ఆయన చొక్కాలు వేరే తొట్టిలో ఉతికింది నేనే.

పెద్ద మిషన్ ఆగిపోయి మళ్ళీ నడిచింది. బెల్టు మార్చాలి.

ఫిబ్రవరి 8, గురువారం

బాల్చీ చోటు మార్చలేదు. తీరిక దొరకలేదు.

ఫిబ్రవరి 13, మంగళవారం

రేపు విభూతి బుధవారం, ఈస్టర్ ముందు నలభై రోజుల తపస్కాలానికి మొదలు. తపస్కాలంలో ఎవరు ఏమి వదులుకుంటారో చీటీ మీద రాసి మఠాధిపతికి ఇస్తే, ఆయన ఒప్పుకుని తిరిగిస్తారు. ఆయన ఒప్పుకోనిది చేస్తే అది భక్తి కాదు, గొప్పలు పోవడం అని నియమం. నేను ఎప్పటిలాగే కాఫీలో పంచదార రాశాను.

సాయంత్రం చీటీ తిరిగొచ్చింది. పంచదార కొట్టేసి ఉంది. దాని కింద ఫాదర్ బెర్ట్రాండ్ చేతిరాతతో ఒక్కటే మాట.

"గంజి."

ఫిబ్రవరి 14, విభూతి బుధవారం

ఉపవాసం. రొట్టె, నీళ్ళు, మధ్యాహ్నం పిండిముద్దల సూప్. నుదుటి మీద బూడిద. కాఫీలో పంచదార వేసుకున్నాను, రెండు చెంచాలు.

ఫిబ్రవరి 15, గురువారం

నలభై ఎనిమిదో నంబరు చొక్కాలు విడిగా ఉతికాను. మెత్తగా వచ్చాయి. ఓడిలో వేలితో మెడపట్టీ తడిమి చూసుకుని, మడతపెట్టి తన గూట్లో పెట్టుకున్నాడు. 

ఫిబ్రవరి 20, మంగళవారం

ఫాదర్ సిరిల్ సంగతి బాగాలేదు. ఆ ఒక్క నల్లగింజ ఆయనదేనని ఇల్లంతా నమ్మింది. మార్చిలో ఆయన మళ్ళీ అదే వేస్తే ఓడిలో పోవాల్సిందేనని ఎవరికి వాళ్ళు ఆయన్ని దారికి తేవాలని చూస్తున్నారు. వంటింట్లో ఒకాయన ఆయనకి రోజూ కేకు పెడుతున్నాడు. విరామంలో పేకాడేవాళ్ళు ఆయన బల్ల దగ్గరికి రావడం మానేశారు. పొద్దున ఫాదర్ సిరిల్ తన సంచి తానే మెట్ల మీద ఈడ్చుకుంటూ దిగారు. ఎప్పుడూ ఎవరో ఒకరు తెచ్చిపెట్టేవారు. మంగళవారం తెచ్చారు, ఒకరోజు ఆలస్యంగా. నేను పుచ్చుకున్నాను.

ఆయన ముఖం చూడకుండానే పుచ్చుకున్నాను.

ఫిబ్రవరి 27, మంగళవారం

ఇది రాయక తప్పదు.

ఫాదర్ సిరిల్ ఇవాళ కూడా ఆలస్యంగానే తెచ్చారు. ఓడిలో పంటిడాక్టరు దగ్గరికి వెళ్ళాడు, లాండ్రీలో నేనొక్కణ్ణే. ఆయన సంచి కింద పెట్టి, మడత బల్ల పక్కన స్టూలు మీద కూలబడ్డారు.

"ఏమయ్యా వెండెలిన్, ఈ కేకు తీసుకో. నాకు షుగరు. వద్దంటే వినడు ఆ వంటవాడు."

తీసుకున్నాను.

"నేను తెల్లది వేశాను," అన్నారు.

మిషన్ నడుస్తోంది. వినపడనట్టు ఉందామనుకున్నాను.

"సభలో కేకలేశాను నిజమే. ఎవరో ఒకరు కేకలెయ్యాలి, లేకపోతే సంతకానికి విలువేముంది? కేకలెయ్యడం వేరు, మనిషిని మంచులోకి తోలెయ్యడం వేరు. నేను తెల్లదే వేశాను."

"ఈ మాట నాతో ఎందుకు చెబుతున్నారు ఫాదర్?"

"ఇంట్లో అందరూ నన్ను కొరకొరా చూస్తున్నారు. నువ్వొక్కడివే నన్ను చూడలేకపోతున్నావు."

కర్ర ఆనించుకుని లేచారు. మెట్ల దాకా చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాను. 

దీపం ఒక్కటే ఉందనీ, కన్ను ఆనదనీ పైన రాశాను. తెల్ల గింజ పెద్దది, నున్నగా ఉంటుంది. నల్లది చిన్నది. కళ్ళు మూసుకుని నూలు గుడ్డనీ కలనేత గుడ్డనీ వేళ్ళతో విడదీస్తాను నేను. ఏ గింజ ఏ చేతిలో ఉందో నాకు తెలియకపోవడమేమిటి.

నల్లది నేనే వేశాను. తెలిసే వేశాను. నాకు కోపం ఉంది. మూడేళ్ళుగా ఉంది. ఆయన అటు వెళ్ళిన మర్నాటి నుంచీ ఉంది.

ఫిబ్రవరి 28, బుధవారం

నిద్రలేదు. ఉదయ ప్రార్థన అవగానే ఫాదర్ బెర్ట్రాండ్ గదికి వెళ్ళాను.

"సభలో లేచి నిలబడి చెబుతాను ఫాదర్. ఆ గింజ నాదేనని."

"వీల్లేదు."

"ఫాదర్ సిరిల్ మాటలు పడుతున్నారు."

"నాకూ తెలుసు. కానీ ఓటు రహస్యం బ్రదర్. ఇవాళ మీరు చెబితే రేపు ఇంకొకర్ని చెప్పమంటారు. ఎల్లుండి చెప్పనివాడిదే నల్లది అంటారు. ఆ పెట్టెకి విలువ పోతుంది. గింజ అందులో పడ్డాక అది మీది కాదు, సభది."

"అయితే నేనేం చెయ్యాలి?"

"సభలో చెప్పడానికి వీల్లేదన్నాను." ఆయన కిటికీలోంచి మంచు చూస్తూ అన్నారు. "మీ లాండ్రీలో మీరేం మాట్లాడుకుంటారో నాకేం తెలుస్తుంది? ఆ మిషన్ రొదలో ఎవరి మాటా ఎవరికీ వినపడదు."

నన్ను దాచడానికి పెట్టిన కట్టుబాటే నా నోరు కట్టేసింది. నాకు తగిన శాస్తే.

ఫిబ్రవరి 29, గురువారం

చెప్పలేదు. బట్టలు ఎక్కువగా ఉన్నాయి.

మార్చి 4, సోమవారం

చెప్పలేదు.

మార్చి 5, మంగళవారం

సాయంత్రం విరామంలో వెళ్ళి ఫాదర్ సిరిల్ బల్ల దగ్గర కూర్చున్నాను. ఇద్దరం పేకాడాం. ఆయన అన్యాయంగా ఆడతారు, చట్టం చదువుకున్నవాళ్ళందరూ అంతేనేమో. గదంతా మమ్మల్ని చూసింది. కేకు ఇచ్చే ఆయన నా దగ్గరికి వచ్చి, "భలేవారు బ్రదర్, మంచిగా చెప్పి మనసు మార్చండి" అని చెవిలో అన్నాడు. పేకముక్కలు మళ్ళీ కలిపాను.

మార్చి 11, సోమవారం

చెప్పాను.

మధ్యాహ్నం పెద్ద మిషన్ బెల్టు తెగింది. రొద ఆగిపోయింది. లోపల నల్లంగీలు, నీళ్ళు. ఇద్దరం బాల్చీలతో నీళ్ళు తోడి, అంగీలు ఒక్కొక్కటే తీసి చేత్తో పిండుతున్నాం. ఒక కొస ఆయన, ఒక కొస నేను. మిషన్ రొద ఉండగా చెబుదామనుకున్నాను, అదీ లేకుండా పోయింది.

"ఆ నల్లగింజ నాది," అన్నాను.

"తెలుసు."

"ఎవరు చెప్పారు?"

"నా మెడ చెప్పింది." ఆయన అంగీని ఇంకో మెలిక తిప్పాడు. "నాకు గంజి పడదని ఈ ఇంట్లో నీకొక్కడికే కదా తెలుసు. రెండో గురువారానికల్లా అర్థమైపోయింది."

"మరి అడగలేదేం?"

"అడిగితే ఏమనేవాడివి? పొరపాటు అనేవాడివి."

నిజమే. అదే అనేవాణ్ణి. పైన అదే రాసుకున్నాను కూడా.

అంగీ పిండడం అయిపోయింది, అయినా వదల్లేదు ఇద్దరం. అప్పుడు అడిగాను. మూడేళ్ళుగా అడగాలనుకున్నది అదొక్కటే.

"సోమవారం బట్టలు ఎందుకు వేశావు?"

ఆయనకి వెంటనే తెలిసింది ఏ సోమవారమో.

"నువ్వు సోమవారం సంచి నిండా బట్టలు పంపావు," అన్నాను. గొంతు పెద్దదైంది, కానీ ఆపుకోలేకపోయాను. "మామూలు కంటే ఎక్కువ పంపావు. బుధవారం సాయంత్రం నాతో పేకాడావు, గెలిచావు, నవ్వావు. గురువారం పొద్దున ప్రార్థనకి రాకపోతే ఒంట్లో బాగాలేదనుకుని నీ బట్టలు ఇస్త్రీ చేశాను. బొత్తాం ఊడితే కుట్టాను. మడతపెట్టి నీ గూట్లో పెట్టాను. మధ్యాహ్నం భోజనాల దగ్గర చెప్పారు, నువ్వు తెల్లవారుజాము బస్సుకే వెళ్ళిపోయావని. పోయేవాడివి నాతో బట్టలు ఉతికించుకోవడం ఎందుకు? నన్ను వెధవని చెయ్యడానికా?"

ఓడిలో అంగీ కొస వదిలి తడి నేల మీదే కూర్చున్నాడు.

"ఆగిపోదామని వేశాను," అన్నాడు. "ఒంటి మీది జత తప్ప అన్నీ నీకు పంపేశాను. ఒక్క చొక్కా కూడా మిగల్చుకోలేదు. బట్టల్లేనివాడు ఎక్కడికి పోతాడు? గురువారం నువ్వు తెచ్చి గూట్లో పెట్టేలోపు ఈ పిచ్చి దిగిపోతుందిలే అనుకున్నాను. బుధవారం దాకా కాచుకున్నాను. కాచుకోలేకపోయాను. ఒంటి మీద ఉన్న వాటితోనే పోయాను."

"నాతో చెప్పాల్సింది."

"చెబితే ఆపేవాడివి. నువ్వు ఆపితే ఆగేవాణ్ణి. ఆగి, జీవితాంతం నీ మీద ఏడుస్తూ ఉండేవాణ్ణి. ఇక్కడ నేను ఉన్నా లేకపోయినా ఒకటేననిపించింది వెండెలిన్. కీర్తనలు ఎవరు పాడినా అవే. వెళ్ళే ముందు నాలుగేళ్ళు ఆ మాట ఎవరికీ చెప్పుకోలేక కుళ్ళిపోయాను."

"మరి ఫార్గోలో?"

"మేకులు అమ్మాను. కొట్టువాళ్ళు మంచివాళ్ళే. నేనుండే ఇంటి కింద నాణేలు వేస్తే నడిచే మిషన్ ఉండేది. బట్టలు వేసి దాని ముందు కూర్చునేవాణ్ణి. ఎవరి బట్టల మీదా నంబర్లు లేవు."

 కళ్ళు తుడుచుకోవడానికి పొడి గుడ్డ దొరకలేదు, లాండ్రీలో.

కాసేపటికి అడిగాడు, "ఆ బట్టలేం చేశావు?"

"పేదలకిచ్చేశాం."

"మంచి పని చేశావు."

మార్చి 12, మంగళవారం

సాయంత్రం ఓడిలో తన కుర్చీ ఎత్తుకుని తిన్నగా ఫాదర్ సిరిల్ బల్ల దగ్గరికి వెళ్ళాడు.

"ఫాదర్, నన్ను కూడా వేసుకుంటారా ఆటలో?"

"నువ్వా? మధ్యలో లేచి పోవుగా?"

గదిలో అందరూ ఇటు తిరిగారు. ఓడిలో పడీపడీ నవ్వాడు. ఫాదర్ సిరిల్ కూడా నవ్వారు, ఆయన పళ్ళు నేను చాలాకాలానికి చూశాను. ముగ్గురం ఆడాం. ఆట ముగిసేలోపు ఇంకో ఇద్దరు కుర్చీలు లాక్కుని వచ్చారు. కేకులిచ్చే ఆయన ఎటూ తేల్చుకోలేక అక్కడే నిలబడ్డాడు.

మార్చి 14, గురువారం

కొత్త బెల్టు వచ్చింది. సర్దుడు చీకటిపడే దాకా పట్టింది, కానీ గురువారం దాటలేదు.

మార్చి 18, సోమవారం

ఎల్లుండి రెండో ఓటు.  ఓడిలో ఇవాళ దుప్పటి మడతలో రెండుసార్లు మూల జారవిడిచాడు. ఒక్క నల్లగింజ పడితే చాలు. అందరికీ ఆయన ఇష్టమే, కానీ అందరూ ఒకటే అనుకుంటారని ఏమిటి నమ్మకం? నేను చిరునవ్వుతో అభ్యంతరం లేదన్నాను కదా. అలాంటివాళ్ళు ఇంకెవరైనా ఉండొచ్చు.

"పడితే ఎటు వెళతావు?" అని అడిగాను.

"తెలీదోయ్. మేకుల కొట్టులో నా చోటు వేరేవాళ్ళకి ఇచ్చేశారు."

మార్చి 20, బుధవారం

ఓటు మధ్యాహ్నం. ఓడిలో లోపలికి రాకూడదు, లాండ్రీలో ఉండమన్నారు. రెండు గింజలు ఇచ్చారు. ఈసారి పిడికిలి మూయలేదు. తెల్లది బొటనవేలు చూపుడువేలు మధ్య పట్టుకుని, చూసినవాళ్ళు చూస్తారని నడిచాను. ఫాదర్ బెర్ట్రాండ్ కనుబొమ్మలు ముడిచారు, నియమం తప్పానని. నా ముందు నడుస్తున్న ముగ్గురూ పిడికిళ్ళు మూసుకునే ఉన్నారు. ఎడమ పెట్టెలో వేశాను. టక్కుమని చప్పుడైంది. నల్లది కుడి పెట్టెలో పారేశాను.

పెట్టె బల్ల మీద బోర్లించి వేరుచేశారు. వేరుచేయడానికి ఏమీ లేదు. అన్నీ తెల్లవే.

మెట్లు ఎలా దిగానో తెలియదు. మోకాళ్ళ నొప్పి కూడా గుర్తు రాలేదు. ఓడిలో ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడి, చల్లటి ఇస్త్రీపెట్టెతో ఒకే దిండు గలేబుని రుద్దుతున్నాడు.

"దాని ప్లగ్గు పెట్టలేదు నువ్వు," అన్నాను.

నా మొహం చూశాడు. ఇంకేం చెప్పాల్సిన పనిలేకపోయింది.

మార్చి 21, గురువారం, పునీత బెనెడిక్ట్ పండగ

పొద్దున సభాగదిలో ఫాదర్ బెర్ట్రాండ్ మోకాళ్ళ మీద కూర్చుని ఓడిలో కాళ్ళు కడిగారు. తువ్వాలు నేను అందించాను, కొత్తది, గంజి లేనిది. తరవాత గుడికి వరసగా నడిచాం. ఫాదర్ సిరిల్ అందరికంటే ముందు, కర్ర టకటకలాడిస్తూ. ఓడిలో అందరికంటే వెనక, ఇరవై ఏళ్ళ కుర్రాడి వెనకాల, నల్లంగీలో. ఇన్నేళ్ళు ఆయన వీపు చూస్తూ నడిచాను. ఇకమీదట నా వీపు ఆయన చూడాలి. మధ్యలో ఇంతమంది ఉన్నారు కాబట్టి సరిగ్గా కనపడదనుకోండి.

పండగ రోజు పనిచెయ్యకూడదు. భోజనాలయ్యాక లాండ్రీకి దిగాను. ఇది పని కాదు.

ఇస్త్రీ బల్ల వెనక బీరువాలో, పై అరలో, కలరా ఉండలు వేసి కట్టిన మూట ఉంది. పేదలకి ఇవ్వలేదు. ఇద్దామనే అనుకున్నాను, పేదల పెట్టె నిండిపోయిందనీ, చిరుగులు కుట్టి ఇద్దామనీ, వచ్చే నెల చూద్దామనీ. ఒక్క చిరుగూ లేదు వాటిల్లో. చొక్కాలు అయిదు, ప్యాంట్లు, బనియన్లు, మేజోళ్ళు, నేను బొత్తాం కుట్టిన నల్లంగీ. దులిపి, కిటికీ దగ్గర గాలికి పెట్టి, మళ్ళీ ఇస్త్రీ చేశాను. నంబరు పట్టీలు మార్చలేదు. గుడిలో చివరి చోటు, భోజనశాలలో చివరి చోటు అని నియమం చెప్పింది. మేజోళ్ళ గురించి ఏమీ చెప్పలేదు.

తలుపు పక్క ముప్పై ఒకటో గూడు దుమ్ము తుడిచి, మడత చెడకుండా అన్నీ సర్ది పెట్టాను. సోమవారం దిగినవి గురువారం గూట్లో ఉండాలి.

సాయంత్ర ప్రార్థనకి గంట కొట్టబోయే ముందు ఓడిలో దిగివచ్చాడు, తన గూడు చూసుకోవడానికి కాబోలు. తలుపు తియ్యగానే పక్కన అదే కనపడింది. నిలబడిపోయాడు. పై చొక్కా తీసి, విప్పి, మెడపట్టీ లోపలి నంబరు చూశాడు. మెడకి ఆనించుకుని చూశాడు.  నేను మిషన్ బెల్టు పరీక్షిస్తున్నట్టు అటు తిరిగాను.

"ఈసారి బట్టలు రావడం బాగా ఆలస్యమైందేమోయ్," అన్నాడు ఆఖరికి.

"మిషన్ పాడైంది," అన్నాను.